పుల్ల మజ్జిగతో ఐరిష్ సోడా రొట్టె: మా పెద్దావిడ నేర్పిన పద్ధతి

ముందు మజ్జిగ వాసన చూడండి. ముక్కుకి పులుపు తగలాలి. తగలకపోతే ఇవాళ రొట్టె మాట మర్చిపోండి, గిన్నె ఓ పక్కన పెట్టి రేపు చేసుకుందాం.

నాకీ రొట్టె నేర్పిన పెద్దావిడ 1936లో ఐర్లండు పడమటి వైపు మేయో కౌంటీలో పుట్టారు. నేను 2005లో నర్సు ఉద్యోగానికి వచ్చి ఆవిడ ఇంట్లో వెనక గది అద్దెకి తీసుకుని నాలుగేళ్ళు ఉన్నాను. నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ, ‘అస్టోర్’ అనేవారు. ఐరిష్ భాషలో నిధి అని అర్థం. మా అమ్మమ్మ ‘బంగారుతల్లీ’ అన్నట్టే వినపడేది నాకు. రొట్టె చేస్తున్నంతసేపూ ఆవిడ చిన్నతనం చెప్పేవారు. ఆ కబుర్లు లేకుండా కొలతలు మాత్రం రాయడం నావల్ల కాలేదు. కొలతలన్నీ ఆ కబుర్లలోంచే వచ్చాయి మరి.

సోడా ఎందుకంటే, ఐర్లండు వానల దేశం. అక్కడ పండే గోధుమ మెత్తరకం, జిగురు తక్కువ. ఈస్టు వేసి పొంగించే రొట్టెకి ఆ పిండి సరిగా నిలబడదు. 19వ శతాబ్దం మధ్యకల్లా తినేసోడా పల్లెల్లోకి వచ్చింది. వెన్న తీసిన మజ్జిగ ప్రతి ఇంట్లోనూ ఉండేది. మజ్జిగలో పులుపు సోడాని తాకగానే బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిని లేపుతుంది. ఈస్టు కొనక్కర్లేదు, పిండి పొంగేదాకా పూటంతా కాచుకోనక్కర్లేదు. అక్కడ దాన్ని ఇప్పటికీ ‘బ్రెడ్ సోడా’ అనే అంటారు.

ఆవిడ ఇంట్లో వారానికోసారి వెన్న చిలికేవారట. నిలువుగా పీపాలాంటి కొయ్యపాత్ర, మూతలోంచి పైకీ కిందకీ ఆడే కర్ర. మన కవ్వం గిర్రున తిరుగుతుంది, వాళ్ళది రోకటిపోటులా పడుతుంది. చిలుకుతుండగా గుమ్మంలోకి ఎవరొచ్చినా కర్ర పట్టుకుని నాలుగు పోట్లు వేసి గానీ వెళ్ళకూడదు. వెయ్యకుండా వెళ్తే వెన్న అదృష్టం వాళ్ళ వెంట పోతుందని నమ్మకం. వెన్న ఉప్పు కలిపి దాచుకునేవారు, కొంత అమ్మేవారు. మజ్జిగ మాత్రం అమ్మేది కాదు. తాగగా మిగిలింది రొట్టెకి, అదీ మిగిలితే పందిపిల్లకి. అందుకని ఈ రొట్టెకి మొదటి దినుసు పిండి కాదు, మజ్జిగ.

మనింట్లో అయితే రెండు రోజులు బయట ఉండి పులిసిన పెరుగు మూడు వంతులు, నీళ్ళు ఒక వంతు పోసి చిలకండి. అది 400 మిల్లీలీటర్లు ఉండాలి. పిండి మొత్తం 450 గ్రాములు: సగం మైదా, సగం కాస్త బరగ్గా ఆడించిన గోధుమపిండి. మన గోధుమపిండి మెత్తగా ఉండి తడి ఎక్కువ లాగుతుంది. పొట్టు తియ్యని పిండి దొరికితే అదే వాడండి, లేదా గుప్పెడు గోధుమపొట్టు కలుపుకోండి. ఉప్పు ఒక టీస్పూను. సోడా ఒక టీస్పూను, కొలిచి, పైన కత్తితో గీసి చదును చేసినది.

సోడా దగ్గర నేను తప్పు చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మొదటిసారి బాగా పొంగాలని రెండు స్పూన్లు వేశాను. రొట్టె కోస్తే లోపల పసుపుపచ్చ మచ్చలు, నోట్లో పెడితే సబ్బు నాకినట్టుంది. పెద్దావిడ ఒక్క మాట అనలేదు. దాన్ని ముక్కలు చేసి ఎండబెట్టి పెరట్లో పిట్టలకి జల్లారు. తర్వాత నా అరచేతిని తన చేతిలోకి తీసుకుని, అందులో సోడా పోసి, చెంచా వెనకవైపుతో నూరి చూపించారు. చిన్న గడ్డ కూడా మిగలకూడదు. మిగిలిన చోటల్లా ఆ పచ్చమచ్చ పడుతుంది. అరచేతిలో మెత్తగా అయ్యాకే పిండిలోకి దులపాలి. ఇది చిన్నప్పుడు వాళ్ళమ్మ తన చేతిలో చేయించిన పని అన్నారు.

పొయ్యి ముందే వేడెక్కి ఉండాలి. ఓవెన్ అయితే 220 డిగ్రీలు. ఈ మాట ఇక్కడే ఎందుకంటే, మజ్జిగ పడ్డ క్షణం నుంచి పొంగడం మొదలైపోతుంది. అప్పుడు పొయ్యి వెలిగిస్తూ కూర్చుంటే గాలంతా గిన్నెలోనే పోతుంది.

పిండి, ఉప్పు, సోడా వెడల్పాటి బేసినులో కలిపి మధ్యలో గుంట చెయ్యండి. మజ్జిగ ఓ పావుగ్లాసు ఆపుకుని మిగతాదంతా ఒకేసారి పొయ్యండి. ఇప్పుడు వేళ్ళు విడివిడిగా చాచి, కొంచెం వంచి, మధ్యలోంచి అంచు దాకా గుండ్రంగా తిప్పండి. ముద్ద అన్నిచోట్లా తడిసే దాకా అంతే. పొడిపిండి కనిపిస్తే ఆపుకున్న మజ్జిగ చిలకరించండి. చపాతీపిండిలా మర్దించకండి. మన చేతులు ఊరుకోవు, తెలుసు, అయినా ఆపుకోవాలి. మర్దించినకొద్దీ జిగురు సాగి రొట్టె గట్టిపడుతుంది. ముద్ద చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలి. బల్లమీద పిండి జల్లి, ముద్దని దొర్లించి, రెండంగుళాల కన్నా తక్కువ మందంలో గుండ్రంగా తట్టండి.

పైన కత్తితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, లోతుగా గాట్లు పెట్టండి. మధ్యభాగం ఉడకడానికి వేడి అక్కణ్ణించే దిగుతుంది. అది శిలువ గుర్తు కూడా, ఆవిడ గాటు పెడుతూ నోట్లో ఏదో అనుకునేవారు. తర్వాత నాలుగు భాగాల మీదా కత్తిమొనతో ఒక్కొక్క పోటు, లోపలున్న ‘ఫెయిరీలు’, అంటే వాళ్ళ కథల్లోని మాయలమారి చిన్నజీవాలు, బయటికి పోవడానికి. లేకపోతే రొట్టెని పాడుచేస్తారట. ఆ నాలుగు పోట్లూ నేనూ పొడుస్తాను.

ఓవెన్లో 220 దగ్గర పావుగంట, తర్వాత 200కి తగ్గించి అరగంట. తీసి తిరగేసి అడుగున వేలితో కొట్టండి. ఖాళీ కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగితే అయినట్టు. మోగకపోతే తిరగేసే లోపల పెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి.

ఓవెన్ లేకపోతే బాధపడకండి, ఆవిడ చిన్నప్పుడు వాళ్ళకీ లేదు. ‘బాస్టిబుల్’ అని మూడు కాళ్ళ ఇనపపాత్ర ఉండేది, అడుగు చదును, మూతా చదును. అందులో రొట్టె పెట్టి, నిప్పుల మీద ఉంచి, మూతమీద కూడా నిప్పులు పేర్చేవారు. ఆవిడ అది చేతులతో చూపిస్తుంటే నాకు నర్సాపురంలో అమ్మమ్మ చేసే దిబ్బరొట్టి కళ్ళముందుకొచ్చింది. అదే మందపాటి గిన్నె, కిందా మీదా నిప్పులు. నేను దిబ్బరొట్టి సంగతి చెబితే ఆవిడ పని ఆపి కుర్చీ లాక్కుని కూర్చుని విన్నారు. మినప్పప్పు, బియ్యపురవ్వ ఎంతెంత అని కొలతతో సహా అడిగారు.

గ్యాసు పొయ్యి మీద సులువైన దారి పెనం. ఐర్లండు ఉత్తరాన అదే పద్ధతి. ముద్దని ముప్పావంగుళం మందంలో తట్టి, నాలుగు ముక్కలుగా కోసి, పొడిపిండి చల్లిన ఇనపపెనం మీద చిన్నమంటతో ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చండి. నూనె వద్దు. చివర్లో ముక్కల్ని అంచుల మీద నిలబెట్టి ఆ పక్కలు కూడా పొడిబారనివ్వాలి. చాలామంది ఇది వదిలేసి లోపల పచ్చిగా ఉందంటారు.

వాళ్ళ నిప్పు పీట్‌ది. అక్కడ ‘టర్ఫ్’ అంటారు. వేల ఏళ్ళుగా బురదనేలలో కుళ్ళి అణిగిన నాచూ గడ్డీ. దాన్ని పొడవాటి పారతో ఇటుకల్లా కోసి, ఎండలో నిలబెట్టి ఆరబెట్టి, చలికాలానికి ఇంటి పక్కన గోడలా పేర్చేవారు. మన పిడకల గూడే గుర్తొస్తుంది. బడికి వెళ్ళే పిల్లలు చంకలో ఒక్కో టర్ఫ్ ఇటుక పెట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది, తరగతిలో నిప్పుకి. రాత్రి పడుకునే ముందు నిప్పుని ఆర్పేవారు కాదు. ఎర్రటి ముక్కల్ని బూడిదలో కప్పి, ఐర్లండు వాళ్ళు కొలిచే పుణ్యస్త్రీ సెయింట్ బ్రిజిడ్‌ని తలుచుకుని పడుకునేవారు. పొద్దున్న బూడిద పక్కకి లాగితే కణకణమని నిప్పు. అగ్గిపుల్ల ఖర్చు లేదు. ఐర్లండులో పల్లెలకి కరెంటు స్తంభాలు పాతడం 1946లో మొదలైంది, మొదటి దీపాలు 1947 జనవరిలో డబ్లిన్ కౌంటీ ఓల్డ్‌టౌన్‌లో వెలిగాయి. ఆవిడ ఊరికి వచ్చేసరికి ఆవిడ పెళ్ళీడుకొచ్చారు.

రొట్టెలో గుడ్డు, పంచదార, వెన్న వెయ్యచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. వేస్తే బాగానే ఉంటుంది, కానీ అది వేరే రొట్టె. గుడ్డు ఆ ఇంట్లో డబ్బు. కోళ్ళు అమ్మవి, గుడ్లు అమ్మవి, వాటితో కొట్లో టీ, పంచదార, కిరసనాయిలు వచ్చేవి. ఆవిడ డ్రాయరులో పాత పెన్నీ నాణెం ఒకటి ఉండేది. 1928లో వచ్చిన ఆ నాణేల మీద రాజులు లేరు, అన్నీ పశుపక్ష్యాదులే. పెన్నీ మీద కోడిపెట్ట, పిల్లలు. అరక్రౌను మీద గుర్రం, ఆరు పెన్నీల మీద వేటకుక్క. కోడి పెట్టింది కోడిబొమ్మగా తిరిగొచ్చేదని ఆవిడ నా చేతిలో పెట్టి చూపించారు. ఎండుద్రాక్ష ఆదివారానికో, నూర్పిళ్ళకి మనుషులొచ్చినప్పుడో.

ఆవిడకి మూడూ తొమ్మిదేళ్ళ మధ్య రెండో ప్రపంచయుద్ధం. ఐర్లండు యుద్ధంలో చేరలేదు, అయినా ఓడలు రాక అన్నీ కరువే. ఆ ఏళ్ళని అక్కడ ‘ఎమర్జెన్సీ’ అంటారు, మన 1975ది కాదు. 1941లో టీ మనిషికి వారానికి అర ఔన్సుకి పడిపోయింది, అంటే 14 గ్రాములు. మరిగించిన టీపొడిని ఎండబెట్టి మళ్ళీ మరిగించేవారు. తెల్లపిండి దొరక్క పొట్టుతో సహా ఆడిన నల్లపిండే వచ్చేది. వాళ్ళమ్మ దాన్ని పాత మేజోడులో పోసి జల్లించి, ఆ కాస్త తెల్లపిండితో తమ్ముడి పుట్టినరోజుకి రొట్టె చేసిందట. మిగిలిన పొట్టు కోళ్ళకి. ఇవాళ మనం డబ్బు పెట్టి పొట్టు కొని పిండిలో కలుపుకుంటున్నాం.

రొట్టె దించగానే శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టండి, పైపెంకు మెత్తబడుతుంది. కరకరలాడాలంటే గాలికి వదిలెయ్యండి. ఆవిడ దగ్గర ఇందుకో గుడ్డ ఉండేది, పాత పిండిసంచిది. పిండి ఎనిమిది స్టోన్ల బస్తాల్లో వచ్చేది, దాదాపు 50 కిలోలు. బస్తా ఖాళీ అయ్యాక కుట్టు విప్పి, నానబెట్టి, ఉతికి, కంచెమీద ఎండకీ మంచుకీ ఆరేస్తే మిల్లు అచ్చువేసిన అక్షరాలు నెమ్మదిగా పోతాయి. నాలుగు సంచులు కలిపి కుడితే ఒక దుప్పటి, చినిగితే తలగడ గలీబు, అదీ పోతే చేతిగుడ్డ. కుట్టు విప్పిన దారం ఉండచుట్టి డబ్బాలో దాచేవారు. మా ఇంట్లో అమ్మమ్మ చీరలు బొంతలైనట్టే. ఆవిడ గుడ్డమీద ఒక మూల ఇంకా లేతనీలం అక్షరం సగం కనిపించేది. పడుకుని ముఖం మీద కప్పుకున్న దుప్పటి మీది అక్షరాలు చదువుతూ చదవడం నేర్చుకున్నానని చెప్పారు.

ఈ రొట్టె మొదటిరోజు వెన్నతో బావుంటుంది, రెండోరోజు పెనం మీద కాల్చుకుంటే బావుంటుంది. మూడోరోజుకి గట్టిపడుతుంది, పారెయ్యకండి. అక్కడ దాంతో ‘గుడీ’ చేస్తారు, జ్వరం పిల్లలకీ పళ్ళులేని ముసలివాళ్ళకీ. రాత్రి డ్యూటీ దిగి చలిలో వచ్చిన పొద్దుటి పూట ఆవిడ నాకూ అదే పెట్టేవారు. పెద్ద కప్పులో రొట్టె చిన్నచిన్న ముక్కలుగా తుంచండి. పైన ఒక చెంచా పంచదార. పాలు పొంగు రాగానే రొట్టె మునిగేటట్టు పోసి, సాసరు మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచండి. ఏలక్కాయ వెయ్యాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారి మాత్రం వెయ్యకుండా తినండి.