తాబేలు గుడ్లకి రాత్రి కాపలా ఎలా కాయాలి

జనవరి వచ్చిందంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రావడం మొదలవుతుంది. వాటి వెనకే కుక్కలు, నక్కలు, గుడ్లు ఎత్తుకెళ్లి అమ్ముకునేవాళ్లు కూడా వస్తారు. "మేమూ కాపలాకి వస్తాం, ఏం చేయాలి" అని అడిగే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి వెళ్లండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. గుడ్లు తీస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. మంచి ఉద్దేశంతోనే అయినా, అనుమతి లేకుండా మీరు గుడ్లు కదిపితే మీకూ అదే చట్టం. అక్కడ ఇప్పటికే కాపలా బృందం ఉంటే అందులో చేరండి, కొత్తది పెట్టకండి.

తర్వాత పక్కనున్న మత్స్యకారుల ఊరికి వెళ్లి పెద్దవాళ్లతో కూర్చోండి. శ్రీకూర్మం ఉన్న నేల ఇది, తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలేసే తాతలు ఇంకా ఉన్నారు. నిన్న రాత్రి ఏ వైపు తాబేలు ఎక్కిందో, ఎవరు సంచితో తిరిగారో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వాళ్లని దొంగల్లా చూస్తూ ఊళ్లోకి అడుగుపెట్టారా, ఆ సీజన్ మొత్తం మీకు ఒక్క కబురూ రాదు.

రాత్రి నడిచేటప్పుడు తెల్ల లైటు వద్దు, ఫోన్ ఫ్లాష్ అసలే వద్దు. తప్పదనుకుంటే ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చ్. తడి ఇసుక మీద, నీటి అంచు వెంబడి నడవండి, పైకి ఎక్కిన జాడ అక్కడే కనబడుతుంది. తాబేలు కనబడగానే ఎక్కడివాళ్లు అక్కడ కూర్చోవాలి. గుడ్లు పెట్టడం మొదలవకముందు అలికిడి వినిపిస్తే అది గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగి వెళ్లిపోతుంది. మొదలయ్యాక చూడాలనుంటే వెనక నుంచి, కాస్త దూరంగా చూడండి. వెనక కాళ్లతో అడుగున్నర లోతున కుండలాంటి గుంత తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ డిప్పతో దబదబా కొట్టి నేల గట్టిపరుస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అది వెళ్లాక అసలు పని. గూడు పోటు నీళ్లు అందనంత ఎత్తులో ఉంటే గుడ్లని అక్కడే ఉండనివ్వండి, ఓ సరుగుడు కొమ్మ తీసుకుని జాడ మొత్తం ఊడ్చేయండి. దొంగ వెతికేది ఆ జాడనే. గుంత ఎక్కడుందో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టకండి, అది దొంగకి అడ్రస్ ఇచ్చినట్టే. నీళ్లు ముంచేచోటో, కుక్కలు తిరిగేచోటో ఉంటేనే హేచరీకి (గుడ్లని కాపాడి పొదగనిచ్చే చోటుకి) మార్చాలి, అదీ శిక్షణ ఉన్నవాళ్లే. పెట్టిన కొద్ది గంటల్లో, గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచుతూ, అదే లోతులో మళ్లీ పూడ్చాలి. ఆలస్యంగా తీసి తిప్పేస్తే లోపలి పిండం చచ్చిపోతుంది.

గుడ్లు తవ్వేవాళ్లు ఎదురుపడితే కలబడకండి. వెనక్కి తగ్గి, ఎంతమంది, బండి నంబర్ ఎంత, ఎటు వెళ్లారు అన్నది గుర్తుపెట్టుకుని, లొకేషన్ పిన్‌తో సహా ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి, వాళ్లు దొరక్కపోతే 112కి చేయండి. సంచి వదిలేసి పారిపోయినా దాన్ని ముట్టుకోవద్దు, పంచనామా అయ్యేదాకా అది సాక్ష్యం.

దొంగల కంటే ఎక్కువ తాబేళ్లని చంపేది ట్రాలర్ (వలని నీళ్లలో ఈడ్చుకెళ్లే మరబోటు) వల. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ కళేబరాలు కొట్టుకొచ్చాయి. మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి తల్లులు చాలావరకు వచ్చి వెళ్లిపోయుంటాయి, అందుకే ఆ నిషేధాన్ని నమ్ముకుంటే సరిపోదు. తీరానికి 8 కిలోమీటర్ల లోపల ట్రాలర్ కనబడితే సమయం, చోటు రాసి మత్స్యశాఖకి ఫిర్యాదు ఇవ్వండి. పడవవాళ్లకి ఇంకో సంగతి చెప్పండి: వలలో దొరికిన తాబేలు కదలకపోతే చచ్చిందని వెంటనే నీళ్లలో పడేయకూడదు. బోర్లా ఉంచి, వెనక భాగం జానెడు ఎత్తుగా పెట్టి, ముక్కు మూయకుండా తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే లోపలి నీళ్లు కారిపోయి కొన్ని గంటల తర్వాతైనా తేరుకోవచ్చు. వదిలేటప్పుడు ఇంజిన్ గేర్‌లో ఉండకూడదు.

45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. అతిథులు వస్తారనీ, ఫోటోలు బాగా పడతాయనీ తెల్లారేదాకా టబ్బుల్లో ఆపకండి, వాటి ఓపికంతా అక్కడే అయిపోతుంది. వచ్చిన రాత్రే, ఇసుక మీదే వదిలి, నీళ్లదాకా వాటినే పాకనివ్వండి. దగ్గర్లో రిసార్ట్ ఉంటే ఆ కాసేపు లైట్లు ఆర్పమని అడగండి, వెలుగు ఎటుంటే పిల్లలు అటే పోతాయి. అన్నీ వెళ్లాక, ఫారెస్ట్ వాళ్ల సమక్షంలో గూడు తవ్వి ఖాళీ పెంకులు ఎన్నో, పొదగనివి ఎన్నో లెక్కపెట్టి, తేదీతో సహా పుస్తకంలో ఆ రాత్రే రాసేయండి.