ఎముకను తిరిగి కట్టే హార్మోన్ సమ్మేళనాన్ని రూపొందించే విధానం

ఎముక నష్టాన్ని అడ్డుకునే మందులు చాలానే ఉన్నా, పోయిన ఎముకను తిరిగి కట్టేవి కొన్నే. అటువంటి మందును రూపొందించడానికి పూనుకునేవారు మొదట, మెడలోని చిన్న గ్రంథులు విడుదల చేసే పారాథైరాయిడ్ హార్మోన్ స్వభావాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవాలి. రక్తంలో అది నిరంతరం ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది. రోజుకొకసారి కొద్దిసేపు మాత్రమే అందితే ఎముక పెరుగుతుంది. కాబట్టి సంకేతపు బలం కన్నా అది నిలిచే వ్యవధికే పెద్దపీట వేయాలి.

హార్మోన్‌లో 84 అమైనో ఆమ్లాలు ఉన్నప్పటికీ ఈ పనికి మొదటి 34 సరిపోతాయి. 2002లో అమెరికాలో అనుమతి పొందిన టెరిపారటైడ్ ఈ ముక్కే. మార్పులను ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. గ్రాహకాన్ని (కణం మీద హార్మోన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) మేల్కొలిపేది అమైనో ఆమ్లాల గొలుసు మొదటి కొస, దానికి గట్టిగా అతుక్కునేది చివరి భాగం. మొదటి ఆరింటినీ తీసివేస్తే మిగిలిన ముక్క గ్రాహకానికి అతుక్కుని కూడా దాన్ని మేల్కొలపలేదు సరికదా, అసలు హార్మోన్‌కే అడ్డుపడుతుంది. అందువల్ల ఒక్కో స్థానాన్నే మార్చుతూ, గ్రాహకం మేల్కొన్నప్పుడు కణాలలో పుట్టే సంకేత అణువు సైక్లిక్ ఏఎంపీ ఎంత పుట్టిందో, మందును కడిగివేశాక అది ఎంతసేపటికి తగ్గిందో ప్రతిసారీ కొలవాలి. 8, 18 స్థానాల్లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తేలికగా ఆక్సీకరణ చెందుతుంది కనుక దాని బదులు అక్కడ నార్‌ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పరీక్షించి చూడవచ్చు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన అబలోపారటైడ్‌ను ఇక్కడ శ్రద్ధగా అధ్యయనం చేయాలి: ఈ హార్మోన్‌ను పోలిన మరో ప్రోటీన్ ముక్కను తీసుకుని, మొదటి భాగాన్ని యథాతథంగా ఉంచి, చివరి భాగాన్ని మార్చడం వల్ల దాని సంకేతం త్వరగా సద్దుమణుగుతుంది.

కణాలలో నెగ్గిన సమ్మేళనాన్ని అండాశయాలు తొలగించడంతో ఎముక తరిగిన ఎలుకలలో పరీక్షించాలి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు, కొత్తగా ఏర్పడే ఎముకకు అంటుకుని వెలిగే కాల్సీన్ అనే రంగును ఇస్తే, ఎముక కోతలో సూక్ష్మదర్శిని కింద రెండు ఆకుపచ్చని వెలుగు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే కొత్త ఎముక ఏ వేగంతో పేరుకుందో తెలుస్తుంది. సాంద్రత పెరిగిందన్న అంకె కన్నా నాకు ఈ గీతల మీదే నమ్మకం ఎక్కువ. ఇంజెక్షన్ తరువాత రక్తంలో కాల్షియం పెరుగుదలనూ గమనించాలి.

టెరిపారటైడ్‌ను అధిక మోతాదులో దీర్ఘకాలం ఇచ్చిన ఎలుకలలో ఎముక క్యాన్సర్ కనిపించింది. మనుషులలో అటువంటి ముప్పు రుజువు కాకపోవడంతో 2020లో అమెరికాలో దాని పెట్టె హెచ్చరికను (మందు సమాచార పత్రంలో గడి కట్టి ముద్రించే తీవ్ర హెచ్చరికను) తొలగించినా, కొత్త సమ్మేళనానికి ఈ పరీక్షను దాటవేయరాదు.

మందు ఆపితే కట్టిన ఎముక క్రమంగా తరిగిపోతుంది కనుక, తరువాత ఎముక కరగడాన్ని అడ్డుకునే బిస్ఫాస్ఫొనేట్ వంటి మందుతో దాన్ని నిలబెట్టే దశను కూడా మానవ పరీక్షల ప్రణాళికలో మొదటి నుంచే చేర్చాలి.