ఒకే హోస్ట్‌నేమ్‌కు కొందరికి కొత్త ఐపీ, కొందరికి పాత ఐపీ: తప్పు ఎక్కడ?

బైండ్ (పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో జోన్ ఫైల్ (ఒక డొమైన్ రికార్డుల జాబితా) మార్చారు, రీలోడ్ చేశారు. అయినా కొన్ని మెషిన్లకు పాత అడ్రసే వస్తోంది. వెంటనే క్యాష్‌లు (దాచుకున్న పాత జవాబులు) తుడిచేయకండి, దొరకాల్సిన ఆధారం వాటితోపాటే పోతుంది. ముందు డీఎన్‌ఎస్‌ను ప్రశ్నించే డిగ్ కమాండ్‌తో ప్రైమరీనీ (అసలు ఫైల్ ఉన్న సర్వర్), ఒక్కో సెకండరీనీ (దాని కాపీ ఉంచుకునే సర్వర్) నేరుగా ఎస్‌ఓఏ రికార్డు (జోన్ వివరాల రికార్డు) అడిగి, అందులోని సీరియల్ నంబర్లు (జోన్ వెర్షన్ నంబర్లు) పక్కపక్కన రాసుకోండి. సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

సెకండరీలో సీరియల్ తక్కువగా ఉంటే: జోన్ ట్రాన్స్‌ఫర్ (ప్రైమరీ నుంచి సెకండరీకి జోన్ కాపీ కావడం) ఆగింది. ఎక్కువగా కారణం ఫైర్‌వాల్. యూడీపీ 53 పోర్ట్ తెరిచి టీసీపీ 53 మరిచిపోతారు. కొత్త సీరియల్ వచ్చిందని సెకండరీకి యూడీపీలో తెలుస్తుంది, డేటా మాత్రం టీసీపీలోనే రావాలి. ఎస్‌ఓఏలోని ఎక్స్‌పైర్ గడువు దాటితే ఆ సెకండరీ సర్వ్‌ఫెయిల్ (జవాబు ఇవ్వలేనన్న ఎర్రర్) ఇవ్వడం మొదలుపెడుతుంది, కాబట్టి దీన్ని రేపటికి వాయిదా వేయకూడదు.

సీరియల్ సమానం, జవాబులు వేరు: ఫైల్ మార్చి సీరియల్ పెంచలేదు. పెంచి రీలోడ్ చేయండి.

సెకండరీలో ఎక్కువ: ఎవరో 2026010101 బదులు 2062010101 కొట్టి, తర్వాత ప్రైమరీలో మాత్రమే సరిచేశారు. సెకండరీలు మీ చేతిలో ఉంటే వాటిపై ఆర్‌ఎన్‌డీసీ (బైండ్‌ను నియంత్రించే కమాండ్) రీట్రాన్స్‌ఫర్ చాలు, అది సీరియల్ చూడదు. వేరేవాళ్లవైతే, అన్నింట్లోనూ ఆ తప్పు సీరియలే ఉందని చూసుకుని, దానికి 2147483647 కలిపి, వచ్చిన 4209493748ను ప్రైమరీలో పెట్టండి. అందరూ అది తీసుకున్నాక 2026తో మొదలయ్యే సరైన నంబరు పెట్టండి. సీరియల్ 32 బిట్లే కాబట్టి చుట్టు తిరిగి ఇది 'కొత్తది'గానే లెక్కకొస్తుంది.

అన్నీ సరిపోయాయా? అయితే తప్పు రిజాల్వర్ (మెషిన్ల తరఫున పేర్లు అడిగి తెచ్చే సర్వర్) క్యాష్‌లో ఉంది. ఆ ఒక్క పేరునే ఆర్‌ఎన్‌డీసీ ఫ్లష్‌నేమ్‌తో తీసేయండి. టీటీఎల్ (జవాబును క్యాష్‌లో ఉంచే గడువు) 86400 సెకన్లు ఉంటే, మార్పుకు కనీసం ఒక రోజు ముందే 300కు దించాలి. రికార్డు పెట్టకముందే ఎవరైనా ఆ పేరు అడిగి ఉంటే 'లేదు' అన్న జవాబు కూడా క్యాష్ అవుతుంది. ఎస్‌ఓఏ టీటీఎల్, ఎస్‌ఓఏలోని చివరి సంఖ్య, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అంతసేపు అది నిలుస్తుంది.

రివర్స్ జోన్‌ను (ఐపీ నుంచి పేరు చెప్పే జోన్) చాలామంది చూడరు. అందులోని పీటీఆర్ రికార్డు జవాబు చివర ఇన్-యాడర్.ఆర్పా అని కనిపిస్తే, ఫైల్‌లో హోస్ట్‌నేమ్ చివరి చుక్క పడలేదని అర్థం. జోన్ ఫైల్‌ను పరీక్షించే చెక్‌జోన్ కమాండ్ దీన్ని పట్టుకోదు, దాని లెక్కలో అది చెల్లే పేరే. పాత ఐపీ పీటీఆర్‌ను కూడా తీసేయండి. వందల హోస్ట్‌లున్న చోట 'ఏ' (A) రికార్డు (పేరుకు ఐపీ చెప్పేది), పీటీఆర్ రెండూ ఒకే పట్టిక నుంచి స్క్రిప్ట్‌తో తయారవ్వాలి, చేత్తో రెండు చోట్ల రాస్తే ఎప్పటికీ కలవవు.