పేగు తీగలు, ఐదున్నర శ్రుతి

కడపలో మా మిద్దె మీది గదిలో ప్రతి ఆదివారం ఉదయం రెండు వయొలిన్లు, ఒక చెల్లో (వయొలిన్ లాంటిదే, కానీ పెద్దది, మంద్ర ధ్వని), ఒక కీబోర్డు చేరతాయి. మేము సాధన చేసేది ఇటలీ స్వరకర్త కొరెల్లి ట్రియో సొనాటాలు, అంటే రెండు వయొలిన్లకూ ఒక మంద్ర వాద్యానికీ రాసిన రచనలు. ఇవి 1681లో రోమ్‌లో అచ్చయ్యాయి. కర్ణాటక వయొలిన్ నేర్చినవారు వీటిని ఆనాటి ధ్వనికి దగ్గరగా వాయించడానికి కొత్త వాద్యం కొననక్కరలేదు. తీగలు మార్చి, శ్రుతి దించితే చాలా దూరం వచ్చినట్టే.

ఆనాటి తీగలు గొర్రె పేగుతో పేనినవి. వాటిని ఒక్కొక్కటిగానే మార్చండి. వయొలిన్ లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్రకు జిగురు ఉండదు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. మొదటిసారి నేను ఆత్రంగా నాలుగు తీగలూ విప్పేశాను. లోపల టక్కుమంది. దాన్ని మళ్లీ నిలబెట్టించడానికి చెన్నై దాకా వెళ్లాను.

తీగ ఎక్కించే ముందు అది ఆనే గాళ్లలో పెన్సిల్ ములికి రుద్దితే ఇరుక్కోకుండా జారుతుంది. బిరడాను మెల్లగా తిప్పండి. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, విసుక్కోవద్దు. పోగు లేస్తే లాగకండి, గోళ్ల కత్తెరతో మొదట్లోనే కత్తిరించండి.

ఇప్పుడు రెండో తీగకు 440 హెర్ట్జ్ ప్రమాణం. బరోక్, అంటే కొరెల్లి కాలపు యూరప్ సంగీతం వాయించే బృందాలు ఎక్కువగా 415కు, అంటే అరస్వరం కిందికి దించుకుంటాయి. మనకిది సులువు: శ్రుతి పెట్టెను ఐదున్నరకు పెట్టి, దాని షడ్జానికి రెండో తీగను కలపండి. మిగతావాటిని మన సపసప పద్ధతిలో కాక, పక్కపక్క తీగల మధ్య ప్రతిచోటా షడ్జపంచమ దూరం ఉండేలా కలపాలి. కీబోర్డులో హార్ప్సికార్డ్ (తీగలను మీటే పాతకాలపు మెట్ల వాద్యం) ధ్వని ఎంచుకుని, ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటికి పెట్టండి. ఎండాకాలంలో సాధనకు అరగంట ముందే మేము కూలర్ ఆపేస్తాం. ఆ తడిగాలికి పేగు తీగ శ్రుతి నిలవదు.

కమానును అడుగున కాకుండా రెండు వేళ్లు పైకి పట్టుకోండి, చేతికి తేలికగా ఉంటుంది.

అన్నిటికన్నా కష్టం స్వరాన్ని ఊపే గమకాన్ని ఆపుకోవడం. మా రెండో వయొలిన్ అమ్మాయికి నెల పట్టింది. కొరెల్లిలో ఒక వయొలిన్ ఒక స్వరం మీద నిలిచి ఉండగా రెండోది పక్క స్వరానికి వచ్చి రాసుకుంటుంది. అప్పుడు మొదటిది ఒక మెట్టు దిగుతుంది. ఆ రాపిడి చెవికి తగలాలంటే రెండు స్వరాలూ కదలకుండా నిలవాలి. అందుకే ఆ ఒక్క చోటును మేము చెల్లో, కీబోర్డు లేకుండా, ఇద్దరు వయొలిన్ వాళ్లతోనే పదిసార్లు వాయిస్తాం.