ఎలక్ట్రానిక్ వస్తువులు కొనడానికి దుకాణాన్ని ఎలా ఎంచుకోవాలి?

చాలామంది ముందు వస్తువును ఖాయం చేసుకుని, ఆ తర్వాత అది ఎక్కడ తక్కువకు దొరుకుతుందా అని వెతుకుతారు. ముందు దుకాణాన్ని ఖాయం చేసుకోవడమే సరైన పద్ధతి. ఏ దుకాణంలో కొన్నా కంపెనీ నుంచి వచ్చే పెట్టె ఒకటే. అయితే ఆ పెట్టె విప్పి చూసేసరికి తెర మీద నిలువు గీత కనబడితే, దుకాణానికీ దుకాణానికీ ఉన్న తేడా నక్కకూ నాగలోకానికీ ఉన్నంత అని అప్పుడు తెలుస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి

ఒక కాగితం, ఒక టేపు, మీరు రోజూ వాడే ఇయర్‌ఫోన్లు, చీకటి దృశ్యాలున్న ఒక వీడియోను ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉంటే సరిపోతుంది. టీవీ పెట్టబోయే గోడ కొలతను ఇంట్లోనే రాసుకోండి.

1. మూడు దుకాణాలను ఎంచుకోండి

మూడుకు మించి వద్దు. ఒకటి కంపెనీ సొంత షోరూమ్, ఒకటి అన్ని కంపెనీల సరుకూ అమ్మే పెద్ద దుకాణం, ఇంకొకటి యజమాని స్వయంగా కౌంటర్‌లో కూర్చునే చిన్న దుకాణం అయితే మంచిది.

2. రద్దీ లేని రోజున వెళ్లండి

వారం మధ్యలో, పొద్దున పూట వెళ్లండి. తగ్గింపు ధరల రోజుల్లో దుకాణాన్ని అంచనా వేయలేరు, ఎందుకంటే ఆ రోజు మీ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ కొనకండి.

3. ప్రదర్శనలో ఉన్న వస్తువులను ముట్టుకుని చూడండి

దుకాణాల్లో టీవీలను సాధారణంగా షోరూమ్ కోసమే ఉన్న ప్రత్యేక మోడ్‌లో ఉంచుతారు. అందులో వెలుతురు, రంగులు హెచ్చుగా ఉంటాయి. దీపాలు దేదీప్యమానంగా వెలిగే హాలులో కంటికి ఆనడానికి అలా పెడతారు, కానీ ఆ బొమ్మ మీ ఇంట్లో కనిపించదు. రిమోట్ అడిగి తీసుకుని, మోడ్‌ను ఇంటి వాడకానికి మార్చి, మీ పెన్‌డ్రైవ్‌లోని చీకటి దృశ్యాన్ని పెట్టి చూడండి. రిమోట్ ఇవ్వడానికి వెనకాడిన దుకాణాన్ని నేను అక్కడికక్కడే కాగితం మీద కొట్టేస్తాను. స్పీకర్లను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఏది కొంచెం గట్టిగా మోగితే మన చెవికి అదే బాగున్నట్టు తోస్తుంది, ఆ సంగతి అమ్మేవారికి మనకంటే బాగా తెలుసు.

ఇక్కడ ధరల గురించి ఒక మాట చెప్పాలి. వేరే చోట ఇంతకంటే తక్కువకు దొరికితే మేమూ ఆ ధరకే ఇస్తామని బోర్డులు పెట్టే దుకాణాలు ఉంటాయి. ఆ మాట నమ్మేముందు మోడల్ నంబరును చివరి అక్షరం వరకూ చదవండి. కొన్ని కంపెనీలు ఒకే రకం సరుకును, ఒకే పేరుతో చాలా చోట్ల నడిచే ఒక్కో దుకాణాల గొలుసు కోసం ఒక్క అక్షరం తేడాతో వేరే నంబరు వేసి పంపుతాయి, అప్పుడు పోల్చడానికి మరో చోట ఆ మోడల్ దొరకనే దొరకదు. ధర ఒక్కటే చూసి దుకాణాన్ని ఎంచుకోకూడదని నేను అనడానికి ఇది ఒక కారణం.

4. సరుకు వెనక్కి తెచ్చినవారిని ఎలా చూస్తున్నారో గమనించండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. అమ్మే కౌంటర్ దగ్గర ప్రతి దుకాణమూ మర్యాదగానే ఉంటుంది. మీరు నిలబడవలసింది ఫిర్యాదులు తీసుకునే కౌంటర్ దగ్గర, అదీ కనీసం అరగంట. ఒకసారి నేను అలా నిలబడినప్పుడు, ఛార్జింగ్ ఎక్కని హెడ్‌ఫోన్లను ఒకాయన తెచ్చి బల్ల మీద పెట్టాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి బిల్లు అడగడానికి ముందే తన సొరుగులోని కేబుల్ తీసి వాటికి తగిలించి, రెండు నిమిషాలు ఆగి, లైటు వెలగకపోయేసరికి కొత్త పెట్టె తెప్పించింది. అంతకు ముందు రోజు ఇంకో దుకాణంలో అలాంటి ఫిర్యాదుకే ఒక సర్వీస్ సెంటర్ చిరునామా రాసిన చీటీ చేతిలో పెట్టి పంపడం చూశాను. ఆ రెండు దుకాణాల్లో దేన్ని ఎంచుకున్నానో చెప్పనవసరం లేదు.

తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. పెట్టె విప్పగానే వస్తువు పనిచేయకపోతే మార్చి ఇచ్చేది మీరా, కంపెనీయా? ఎన్ని రోజుల లోపు? సీలు తీసిన తర్వాత డబ్బు వెనక్కి ఇస్తారా, బదులు వస్తువే ఇస్తారా? ఏమైనా కోత ఉంటుందా? ఈ వారంటీ కంపెనీదా, దుకాణం తరఫున ఇచ్చేదా? వేరే దేశంలో అమ్మడానికి తయారైన సరుకైతే ఇక్కడి సర్వీస్ సెంటర్ చాలాసార్లు దాన్ని ముట్టుకోదు కనుక చివరి ప్రశ్నను మరిచిపోకూడదు. అదనపు వారంటీ కొనమంటే, అది కంపెనీ వారంటీ ముగిశాక మొదలవుతుందా, కొన్న రోజు నుంచే లెక్కా అని అడగండి. కొన్న రోజు నుంచే అయితే కంపెనీ ఎలాగూ ఇచ్చే కాలానికి మీరు మళ్లీ డబ్బు కడుతున్నట్టే.

ఒకే ప్రశ్నను ఇద్దరు ఉద్యోగులను విడివిడిగా అడగండి. జవాబులు కలవకపోతే ఆ దుకాణానికి ఒక నియమం లేదని అర్థం. 'మేము చూసుకుంటాం సార్' అన్నది జవాబు కాదు, ఆ మాట ఏ బిల్లు మీదా అచ్చయి ఉండదు. అందుకే ఒక నమూనా బిల్లు చూపించమని అడిగి, వెనక వైపున్న చిన్న అక్షరాలను అక్కడే నిలబడి చదవండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకసారి నేను ధర చూసి ఒక మానిటర్ కొన్నాను. ఇంటికి తెచ్చి తగిలిస్తే తెర మధ్యలో ఒక చుక్క ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. దుకాణం వారు కంపెనీని అడగమన్నారు. కంపెనీ వారు ఒక్క పిక్సెల్‌ను, అంటే తెర మీది బొమ్మను కూర్చే అతి చిన్న చుక్కను, లోపంగా లెక్కించబోమన్నారు. 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి, వాటిలో కొన్ని పాడైనా వారంటీ వర్తించదని చాలా కంపెనీల షరతుల్లో రాసే ఉంటుంది. పిక్సెల్ లోపాలను తరగతులుగా విభజించే ఐఎస్‌ఓ 9241-307 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కంపెనీ తన షరతుల ప్రకారమే మాట్లాడింది. కానీ సీలు తీసినా ఏడు రోజుల్లో మార్చి ఇచ్చే దుకాణంలో కొని ఉంటే నాకు ఆ షరతులతో పనే పడేది కాదు.

5. కొనేటప్పుడు

పెట్టెను దుకాణంలోనే విప్పించండి. ప్రదర్శనలో ఉంచిన వస్తువునే తుడిచి కొత్తదిగా ఇవ్వబోతే వద్దనండి. పెట్టె మీది సీరియల్ నంబరు, వస్తువు మీది నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటే అయి ఉండాలి. ఫోన్ అయితే *#06# నొక్కగానే తెర మీద కనిపించే 15 అంకెల ఐఎమ్‌ఈఐ నంబరును (ఫోన్‌ను గుర్తించే నంబరు) పెట్టె మీది నంబరుతో పోల్చండి. బిల్లులో నంబరు రాయడం కుదరదన్న చోట డబ్బు కట్టకండి.

బిల్లును థర్మల్ కాగితం (సిరా లేకుండా వేడితో అచ్చయ్యే కాగితం) మీద ఇస్తే, వారంటీ ముగిసేలోపే అక్షరాలు వెలిసిపోవచ్చు. గుమ్మం దాటకముందే, నంబరు స్పష్టంగా కనిపించేలా దానికి ఒక ఫోటో తీసుకోండి.