మిన్నెసోటాలో మొదటి చలికాలం: కొత్త హైబ్రిడ్ కారును ఎలా చూసుకోవాలి?

మినియాపోలిస్ చుట్టుపక్కల హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండే కారు) కొన్న మనవాళ్ళు అక్టోబర్ రాగానే అడిగే మొదటి మాట ఇదే: "ఈ చలికి ఆ పెద్ద బ్యాటరీ పాడైపోదా?" పాడవదు. ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి. ఇక్కడ జనవరి రాత్రులు సగటున మైనస్ 13 సెల్సియస్‌కి పడిపోతాయి. 2019 జనవరి 30న అయితే మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్ నమోదైంది. ఇంత చలి ఊళ్ళోనూ హైబ్రిడ్లు ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. టయోటా 2020 మోడళ్ళ నుంచి హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళ వారంటీ ఇస్తోంది. చలికాలంలో మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఎవరూ పట్టించుకోని చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతాను.

చలిలో బండి తీరు ఎందుకు మారుతుంది?

వేసవిలో సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజిన్ ఆపేసే బండి, డిసెంబర్‌లో ఆపకుండా నడుపుతూనే ఉంటుంది. ఇది లోపం కాదు. చాలా హైబ్రిడ్లలో కారు లోపలికి వచ్చే వేడి ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం, అంటే కూలెంట్ నుంచే వస్తుంది. కూలెంట్ చల్లబడితే హీటర్ కోసం ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ అవుతుంది. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా వేడెక్కాలి. పైగా చల్లగా ఉన్న హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌ని త్వరగా తీసుకోలేదు కాబట్టి, బ్రేక్ వేసినప్పుడు వెనక్కి వచ్చే కరెంటు కూడా తగ్గుతుంది.

ఇదంతా మైలేజీలో కనిపిస్తుంది. అమెరికా ఇంధన శాఖ చెప్పేదాని ప్రకారం, 20 ఫారెన్‌హీట్ చలిలో ఊళ్ళో తిరిగే మామూలు గ్యాస్ (పెట్రోల్) కారు మైలేజీ, 77 ఫారెన్‌హీట్‌లో వచ్చేదానికంటే సుమారు 15 శాతం తక్కువ వస్తుంది. హైబ్రిడ్ మీద చలి దెబ్బ ఇంకా ఎక్కువ, 30 నుంచి 34 శాతం దాకా తగ్గొచ్చు. గాలన్‌కి 50 మైళ్ళు ఇచ్చిన కారు జనవరిలో 35 చూపిస్తే డీలర్ దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. ఏప్రిల్‌లో అదే మళ్ళీ పెరుగుతుంది.

12 వోల్టుల బ్యాటరీ: మొదట చూడాల్సింది ఇదే

టయోటా హైబ్రిడ్లలో మామూలు కార్లకి ఉండే స్టార్టర్ మోటార్ ఉండదు. ఇంజిన్‌ని తిప్పేది పెద్ద బ్యాటరీ కరెంటుతో పనిచేసే మోటారే. కానీ ఆ పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలు, కంప్యూటర్లు, తలుపు తాళాలు అన్నీ 12 వోల్టుల మీదే ఆధారపడతాయి. చిన్న బ్యాటరీ పడుకుంటే పెద్దదాంట్లో ఎంత ఛార్జింగ్ ఉన్నా డాష్‌బోర్డ్ మీద "రెడీ" లైటు వెలగదు. బండి కదలదు.

ఈ చిన్న బ్యాటరీ ఛార్జ్ అయ్యేది కూడా బండి "రెడీ"లో ఉన్నప్పుడే. బ్రేక్ నొక్కకుండా బటన్ ఒక్కటే నొక్కి రేడియో వింటూ కూర్చుంటే ఛార్జింగ్ ఉండదు, వాడకం మాత్రమే ఉంటుంది. పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చుకోవడానికి బయట వెయిట్ చేసేటప్పుడు చాలామంది సరిగ్గా ఇదే చేస్తారు. బ్రేక్ నొక్కి పూర్తిగా "రెడీ"లోనే ఉంచండి. ఇంజిన్ తనకు అవసరమైనప్పుడు ఆన్ అయి ఆఫ్ అవుతుంది. పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేసే డాష్‌క్యామ్ పెట్టించుకుంటే, చలికాలంలో ఆ పార్కింగ్ మోడ్ ఆపేయండి. రాత్రంతా చిన్న బ్యాటరీని తాగేది అదే. సున్నా ఫారెన్‌హీట్‌లో లెడ్ బ్యాటరీ బలం సగానికి పైగా తగ్గిపోతుందని అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ చెబుతుంది. పైగా రోజూ రెండు మైళ్ళు వెళ్ళి వచ్చే బండిలో తగ్గిన ఛార్జింగ్ తిరిగి నిండడానికి టైమే ఉండదు.

నవంబర్‌లోపు చేయాల్సిన పని ఒకటుంది. మాన్యువల్ తీసి ఈ బ్యాటరీ ఎక్కడుందో చూసుకోండి. కొన్నింటిలో బానెట్ కింద, కొన్నింటిలో డిక్కీలో, ఇంకొన్నింటిలో వెనక సీటు దగ్గర ఉంటుంది. డిక్కీలో ఉండే మోడళ్ళలో చాలావాటికి జంప్ ఇవ్వడానికి బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో విడిగా ఒక టెర్మినల్ ఇస్తారు. మైనస్ 20లో, చీకట్లో, గ్లవ్స్ వేసుకుని వెతికే పని కాదది. ఇప్పుడే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

బండి "రెడీ"లోకి రాకపోతే ఈ వరుసలో వెళ్ళండి:

1. తలుపులు తెరుచుకోకపోతే, కీ ఫాబ్ లోపల ఒక లోహపు తాళంచెవి ఉంటుంది. దాన్ని బయటికి లాగి డ్రైవర్ తలుపు తెరవండి. ఒక్కోసారి తప్పు ఫాబ్‌లోని బిళ్ళ బ్యాటరీదే అవుతుంది. అప్పుడు ఫాబ్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేక్ మీద కాలు ఉంచి నొక్కితే పని జరుగుతుంది.

2. జంప్ స్టార్టర్ ఎర్ర క్లిప్‌ని ప్లస్ టెర్మినల్‌కి, నల్ల క్లిప్‌ని మాన్యువల్‌లో చూపిన పెయింట్ లేని లోహపు భాగానికి తగిలించండి. ఇక్కడ తొందర వద్దు. ప్లస్, మైనస్ తారుమారైతే ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. నారింజ రంగు కేబుళ్ళు హై వోల్టేజివి, వాటి జోలికి అసలు వెళ్ళకండి.

3. బ్రేక్ నొక్కి స్టార్ట్ చేయండి. కంప్యూటర్లు మేల్కొంటే చాలు కాబట్టి హైబ్రిడ్‌కి జంప్ ఇవ్వడానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. చేతిలో పట్టే లిథియం జంప్ స్టార్టర్ సరిపోతుంది.

4. "రెడీ" వెలిగాక క్లిప్పులు తీసేసి, ఓ గంట బండి నడపండి. మర్నాడు మళ్ళీ ఇదే జరిగితే బ్యాటరీని టెస్ట్ చేయించండి.

ఆ జంప్ స్టార్టర్‌ని డిక్కీలో వదిలేయకండి. డిక్కీలోనే చిక్కుకుపోతే అవసరానికి అందదు, చలికి దాని బలమూ తగ్గుతుంది. ఇంట్లో ఛార్జ్ చేసి, బయల్దేరేటప్పుడు బ్యాగులో వేసుకోండి. ఇంకో మాట. పక్కవాళ్ళ ట్రక్కు స్టార్ట్ కాకపోతే మీ హైబ్రిడ్ నుంచి కేబుల్ ఇచ్చే ముందు మాన్యువల్ అందుకు ఒప్పుకుంటుందో లేదో చూడండి. జంప్ స్టార్టర్ చేతికిచ్చి సాయం చేయడం ఇద్దరికీ క్షేమం.

సంక్రాంతికి ఇండియా వెళ్తుంటే

మనవాళ్ళ బళ్ళకి ఎక్కువ కష్టం వచ్చేది ఇక్కడే. డిసెంబర్ మధ్యలో సెలవులు పెట్టుకుని, పండగ చూసుకుని, జనవరి చివర్లో దిగుతారు. ఇక్కడ చలి ముదిరిన ఆ నెలా నెలన్నర బండి కదలకుండా ఉంటుంది. పెద్ద బ్యాటరీకి ఆ మాత్రం విరామంతో ఏమీ కాదు. 12 వోల్టులది మాత్రం రోజూ కొంచెం కొంచెంగా దిగిపోతుంది.

గరాజ్‌లో ప్లగ్ ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి వెళ్ళడమే అన్నింటికంటే మంచి దారి. నిండగానే తనంతట తానే ఆగి, దిగినప్పుడు మళ్ళీ ఎక్కించే రకం కొనండి. మీ బ్యాటరీ ఏజీఎం రకమైతే (బ్యాటరీ మీద ఏజీఎం అని రాసి ఉంటుంది) మెయింటెయినర్‌లో ఆ సెట్టింగ్ ఉండాలి.

ప్లగ్ లేకపోతే ఒక స్నేహితుడికి తాళం ఇచ్చి వెళ్ళండి. వారానికోసారి బండిని బయటికి తీసి ఓ అరగంట తిప్పమనండి. తలుపు తీసి, స్టార్ట్ చేసి, రెండు నిమిషాలకి ఆపేస్తే ఉన్నది కూడా పోతుంది. ఆ సంగతి వాళ్ళకి ముందే విడమరిచి చెప్పండి.

ఈ రెండూ కుదరకపోతే మైనస్ కేబుల్ తీసేయొచ్చు. కానీ బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ కరెంటుతోనే తెరుచుకునేదైతే, తిరిగొచ్చాక దాన్ని ఎలా తెరవాలో ముందే ఒకసారి చేసి చూసుకోండి. ఇరవై గంటల ప్రయాణం చేసి, నిద్రపోతున్న పిల్లలతో దిగినప్పుడు నేర్చుకునే పని కాదు.

వెళ్ళేముందు గ్యాస్ ట్యాంక్ నింపండి. రెండు ఫాబులనీ కారుకి దూరంగా ఇంటి లోపల పెట్టండి. దగ్గర్లో ఉంటే బండి వాటితో మాట్లాడుతూ కరెంటు ఖర్చు చేస్తుంది. తడిసిన బండిని చలిలో వదిలేటప్పుడు చదునైన చోట పీలో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేయకుండా వదిలేయండి. వేస్తే గడ్డకట్టి పట్టుకుపోవచ్చు. ఎలక్ట్రానిక్ బ్రేక్ అయితే దాని ఆటో సెట్టింగ్ ఆపాలి.

టైర్లు

ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, స్నో టైర్లు ఎందుకు అనుకోకండి. నాలుగు చక్రాలూ లాగితే బండి సులువుగా కదులుతుంది. ఆగడానికి మాత్రం అది సాయం చేయదు. ఐస్ మీద ప్రాణం కాపాడేది ఆగడమే. చలి 45 ఫారెన్‌హీట్ కిందికి దిగితే మామూలు టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉన్న వింటర్ టైర్లు నాలుగూ ఒకేసారి వేయించండి. మిన్నెసోటాలో ఇది చట్టం కాదు, క్యూబెక్‌లో చట్టం. నా మటుకు, కొత్త బండికి అదనంగా ఒక్క ఖర్చే పెట్టగలిగితే ఫ్లోర్ మ్యాట్ల ప్యాకేజీ వదిలేసి దీనికే పెట్టమంటాను.

ప్రతి 10 ఫారెన్‌హీట్ చలి పెరిగితే టైరులో గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. మొదటి పెద్ద చలి రోజు లైటు వెలిగేది అందుకే. బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద రాసిన అంకెకి గాలి నింపండి.

పొద్దున్నే బయల్దేరేటప్పుడు

అన్నింటికంటే ముందు ఇది: మూసి ఉన్న గరాజ్‌లో బండిని ఎప్పుడూ "రెడీ"లో ఉంచకండి. మీరు స్టార్ట్ చేసినప్పుడు చప్పుడు లేకపోయినా, రెండు నిమిషాల తర్వాత ఇంజిన్ తనంతట తానే నడవడం మొదలుపెడుతుంది. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ)కి వాసన ఉండదు. చప్పుడు లేదు కదా అని ఆపడం మర్చిపోయి ఇంట్లోకి వెళ్ళిపోయే ప్రమాదం హైబ్రిడ్లలో మామూలు కార్లకంటే ఎక్కువ. గరాజ్ ఇంటికి ఆనుకుని ఉంటే లోపల సీఓ అలారం తప్పనిసరిగా పెట్టించండి.

అద్దం మీద ఐస్‌ని గీకండి, వేడి నీళ్ళు మాత్రం పోయకండి, అద్దం పగులుతుంది. పైకప్పు మీద స్నో కూడా దులపండి. లేకపోతే మొదటి బ్రేక్‌కే అది ముందు అద్దం మీదికి జారుతుంది. ముందున్న లోగో వెనక రాడార్ ఉండే మోడళ్ళలో దాని మీద స్నో పేరుకుంటే ఢీకొనకుండా ఆపే సిస్టమ్ పనిచేయడం లేదని మెసేజ్ వస్తుంది. స్క్రేపర్‌తో గీకకుండా మెత్తటి బ్రష్‌తో తుడవండి.

పావుగంట సేపు నిలబెట్టి వేడి చేయడం గ్యాస్ దండగ. అద్దాలు పూర్తిగా కనిపించగానే నెమ్మదిగా బయల్దేరితే బండి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. సీటు హీటరు, స్టీరింగ్ హీటరు వేసుకుని కేబిన్ వేడిని 68 ఫారెన్‌హీట్ దగ్గర పెడితే ఇంజిన్‌కి ఆగే అవకాశం దొరుకుతుంది. కొన్ని మోడళ్ళలో వెనక సీటు కింద బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీ ఉంటుంది. దాని మీద జాకెట్లు, తడి బూట్లు పెట్టనివ్వకండి.

ఐస్ మీద "బి" గేరు వాడొద్దు. కాలు తీయగానే అది బండిని గట్టిగా పట్టి ఆపుతుంది, చక్రాలు జారొచ్చు. "డి"లోనే ఉంచి, దూరం నుంచే మెల్లగా బ్రేక్ నొక్కండి.

ఆయిల్, ఫ్లూయిడ్లు

చాలా కొత్త హైబ్రిడ్లకి 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20 ఆయిల్ వాడతారు, చలికి అది సరిపోతుంది. మార్చే దూరం మాత్రం చూసుకోండి. 10,000 మైళ్ళకి మార్చమనే టయోటా, గడ్డకట్టే చలిలో 5 మైళ్ళ లోపు ప్రయాణాలే ఎక్కువైతే 5,000కే మార్చమంటుంది. ఇక్కడ ఇంటి నుంచి డేకేర్, డేకేర్ నుంచి ఆఫీసు తిరిగేవాళ్ళందరూ ఈ లెక్కలోకే వస్తారు. చిన్న ప్రయాణాల్లో ఆయిల్‌లో చేరిన తేమ, గ్యాస్ ఆవిరయ్యేంత వేడి రాదు. వారానికోసారి మేపుల్ గ్రోవ్ గుడికో, ఇంకెక్కడికో హైవే మీద అరగంట నడిస్తే ఇంజిన్‌కీ చిన్న బ్యాటరీకీ రెండింటికీ మంచిది.

వాషర్ ఫ్లూయిడ్ మైనస్ 20 ఫారెన్‌హీట్ లేదా అంతకంటే తక్కువకి పనికొచ్చేదే పోయండి. రాత్రి బండి బయటే ఉంటే, మీ మోడల్‌కి దొరికితే బ్లాక్ హీటర్ పెట్టించుకోండి. రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు.

ఉప్పు

రోడ్డు మీద చల్లే ఉప్పు ఏ కారునైనా తినేస్తుంది, హైబ్రిడ్ బ్రేకుల్ని ఇంకా ముందు. బండి సగం ఆగడం మోటార్‌తోనే అయిపోతుంది కాబట్టి ప్యాడ్లు డిస్కుని రాసుకునేది తక్కువ. తుప్పు పేరుకుంటుంది, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. ఏడాదికోసారి, వసంతంలో, బ్రేకులు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టమని అడగండి. "ప్యాడ్లు ఇంకా చాలా ఉన్నాయి" అన్న జవాబుతో ఊరుకోకండి. మీరు అడిగేది మందం గురించి కాదు.

2019లో మొదలైన తరం రావ్4 హైబ్రిడ్లలో వెనక మోటార్‌కి వెళ్ళే హై వోల్టేజ్ కేబుల్ కనెక్టర్ ఉప్పుకి తుప్పు పట్టిన కేసులు వచ్చి, టయోటా దానికి కవరేజ్ పొడిగించింది. ఆ ఏళ్ళ బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఆ కనెక్టర్‌ని చూపించుకోండి. కొత్త బండికైనా, చలి కాస్త తగ్గి 32 ఫారెన్‌హీట్ దాటినప్పుడల్లా కింది భాగం కడిగించండి. రస్ట్ ప్రూఫింగ్ చేయిస్తే నారింజ కేబుళ్ళ మీద, వాటి కనెక్టర్ల మీద స్ప్రే పడకూడదని చేసేవాళ్ళకి ముందే చెప్పండి.

తుఫానులో చిక్కుకుంటే

ఫార్గో వైపు ఐ-94 మీద గాలికి స్నో లేచి రోడ్డు మూసేయడం అరుదేం కాదు. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే మిన్నెసోటా 511 చూడండి, ట్యాంక్ సగానికి తగ్గనివ్వకండి. ఆగిపోతే హైబ్రిడ్ మీకు మేలే చేస్తుంది. ఇంజిన్ కాసేపు నడిచి, కాసేపు ఆగి, తక్కువ గ్యాస్‌తోనే కేబిన్‌ని వెచ్చగా ఉంచుతుంది. కానీ అది ఎప్పుడు నడుస్తుందో లోపల కూర్చున్నవాళ్ళకి సరిగ్గా తెలియదు. కాబట్టి దిగి పొగ గొట్టం చుట్టూ స్నో తీసేశాకే "రెడీ"లో ఉంచండి, స్నో పడుతున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ చూడండి, ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. దుప్పట్లు, పార, టార్చ్ వెనక సీటు దగ్గరే పెట్టుకోండి, డిక్కీలో కాదు.