"వెలుగు కలిగెను అంటే బిగ్‌బ్యాంగే కదా మాస్టారూ?" అని అడిగితే

హైస్కూల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఆదివారాలు మా సంఘంలో సండే స్కూలు ఇప్పటికీ చెబుతున్నాను. బైబిల్లోని 'వెలుగు కలిగెను' అన్న మాటా, విశ్వం ఎంతో వేడిగా, దట్టంగా ఉన్న స్థితి నుంచి వ్యాకోచిస్తూ వచ్చిందనే బిగ్‌బ్యాంగ్ సిద్ధాంతమూ ఒకటేనా అని తొమ్మిది, పది తరగతుల పిల్లల నుంచి ఈ ప్రశ్న ఏటా వస్తుంది. మొదట్లో సంబరపడి "అవును, సైన్సు కూడా ఒప్పుకుంది" అనేసేవాడిని. అలా అనకూడదు. కొత్తగా పాఠం చెప్పేవాళ్లకు నా పద్ధతి ఇది.

ముందు బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండము మొదటి అధ్యాయం పిల్లల చేతనే చదివించండి. వెలుగు ఏ రోజు కలిగింది? మొదటి రోజు. సూర్యుడు? నాలుగో రోజు. గదిలో గుసగుసలు మొదలవుతాయి, మొదలవనివ్వండి. ఈ చిక్కు నిన్నమొన్న ఎవరో నాస్తికుడు కనిపెట్టింది కాదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్పుగా ఉన్న అగస్టీను అయిదో శతాబ్దంలోనే దీనితో కుస్తీ పట్టాడు. ఆ రోజులు మన రోజుల్లాంటివి కావన్నాడు. నక్షత్రాల సంగతి తెలియకుండా లేఖనం పేరు చెప్పి మాట్లాడి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కావద్దని కూడా హెచ్చరించాడు.

తర్వాత లెమెత్ర్ కథ చెప్పండి. దీనికి తొందర వద్దు. జార్జ్ లెమెత్ర్ బెల్జియం దేశానికి చెందిన భౌతికశాస్త్రవేత్త, 1923లో కతోలిక మతగురువుగా అభిషేకం పొందాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో, అదంతా ఒక 'ఆది పరమాణువు' నుంచి మొదలైందని 1931లో రాశాడు. బిగ్‌బ్యాంగ్ సిద్ధాంతానికి మూలం ఈ ఆలోచనే. 1951 నవంబరులో పన్నెండో పయస్ పోపు ఒక ప్రసంగంలో, సైన్సు ఆదిలోని ఆ వెలుగుకు సాక్ష్యం పలుకుతున్నట్టు మాట్లాడారు. లెమెత్ర్ పొంగిపోలేదు సరికదా, ఇబ్బంది పడ్డాడు. మరుసటి ఏడాది రోములో ఖగోళశాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోపు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక్కడ ఆపి, "లెమెత్ర్‌కెందుకు ఇబ్బంది?" అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. ఒకసారి వెనక వరుసలోని అమ్మాయి, "రేపు ఆ సిద్ధాంతం తప్పని తేలితే వాక్యం కూడా తప్పవుతుంది కదండీ" అంది. సరిగ్గా అదే! విశ్వానికి మొదలే లేదనే సిద్ధాంతం అప్పట్లో గట్టి పోటీగా ఉండేది. బిగ్‌బ్యాంగ్‌కు బలమైన ఆధారమైన, ఆకాశం అన్ని దిక్కుల నుంచీ వచ్చే సూక్ష్మతరంగ (మైక్రోవేవ్) వికిరణం బయటపడింది 1965లో. ఆ వార్త లెమెత్ర్‌కు చనిపోయే ముందు, 1966లో తెలిసింది.

అప్పుడు మందిరం గంట చూపించండి. ఎందుకు మోగింది? నాలుక తగిలి కంచు కంపించింది గనుక. ఆరాధన వేళయింది గనుక. మొదటిది సైన్సు చెప్పే లాంటి జవాబు, రెండోది వాక్యం చెప్పే లాంటిది. రెండూ నిజమే, ఒకదాని చోటు ఇంకొకటి ఆక్రమించదు. ఎంత సున్నితమైన మైక్రోఫోను పెట్టినా కంచులో 'ఆరాధన వేళ' దొరకదు.

అయితే ఈ గంట పోలికను మరీ లాగకండి. తెలివైన పిల్లవాడు "మరి యేసు చనిపోయి తిరిగి లేవడం, అంటే పునరుత్థానం?" అంటాడు. అక్కడ మన విశ్వాసం కేవలం అర్థం గురించి మాట్లాడటం లేదు, ఫలానా చోట, ఫలానా రోజుల్లో జరిగిందని చెబుతోంది. మామూలుగా ఏం జరుగుతుందో సైన్సు నియమాలు చెబుతాయి. ఒక్కసారి జరిగిందన్న దాన్ని సాక్షుల మాటతోనూ చరిత్రతోనూ తూచాలి. దానికి ఇంకో ఆదివారం పెట్టుకోండి.

చివర్లో ప్రార్థనకు పది నిమిషాలు మిగుల్చుకోండి. నాకు ఎప్పుడూ మిగలవు, పాస్టరు గారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూపిస్తుంటారు.